పోయినవాడి గుర్తులు

ఆ ఆదివారం పొద్దున గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. వెళ్ళాలి, కాలు బెణికిందని చెప్పాలి, ఒడ్డున కుర్చీలో కూర్చుని తనకి చూసిన అమ్మాయి నీళ్ళలో ఆడుకుంటుంటే చూడాలి, తల తడవకుండా ఇంటికి తిరిగి రావాలి. అంతే. ఇంతకన్నా తక్కువ కోరుకున్న మానవుడు ఆ మహానగరంలో ఆ రోజు ఇంకొకడు లేడు. అయినా ఆ కాస్త కోరికా తీరలేదు.

తల తడవకూడదని అంత పట్టుదల ఎందుకంటే, దాని మీదున్న జుట్టు అతనిది కాదు. అతని అసలు జుట్టు ముప్పై నిండకముందే ఒక్కో వెంట్రుకే సెలవు పుచ్చుకుని వెళ్ళిపోయింది. నలభై దాటాక, వచ్చిన సంబంధాలన్నీ నున్నటి తలని చూసి వెనక్కి తిరుగుతుంటే, వాళ్ళక్క ఒక విగ్గు కొనుక్కొచ్చి తమ్ముడి నెత్తిన పెట్టింది. నల్లగా, ఒత్తుగా, కుడిపక్క పాపిడితో ఉందది. "ఇదిగో, ఇప్పుడు మనిషిలా ఉన్నావు" అంది.

మనిషిలా ఉండటం ఎంత నరకమో గుమాస్తాకి ఆ రోజు నుంచి తెలిసొచ్చింది. నవ్వితే నుదురు కదులుతుంది. నుదురు కదిలితే విగ్గు కదులుతుంది. అందుకని నవ్వు మానేశాడు. తల ఊపడం మానేశాడు. ఫ్యాను కింద కూర్చోవడం మానేశాడు. విసుగొచ్చి జుట్టు పీక్కుందామన్నా భయమే, నిజంగానే చేతికొస్తుంది.

అతను పనిచేసేది రైల్వే స్టేషన్లో, పోయిన సామాన్లు భద్రపరిచే ఆఫీసులో. ప్రయాణికులు రైళ్ళలో మర్చిపోయిన గొడుగులు, సంచులు, కళ్ళజోళ్ళు, ఒంటి చెప్పులు అక్కడ అరల నిండా ఉంటాయి. ఎవరైనా వచ్చి "అదిగో, అది నాదే" అంటే గుమాస్తా తలెత్తకుండా ఒక్కటే మాట అంటాడు: "గుర్తులు చెప్పండి." గుర్తులు చెప్పకపోతే కన్నతల్లి వచ్చి అడిగినా గొడుగు ఇవ్వడు.

ఈ సంబంధం కూడా అక్క తెచ్చిందే. "అమ్మాయి పళ్ళ పని చేస్తుందిరా. నీ ఈడుకి తగ్గ పిల్ల" అని చెప్పింది. పళ్ళంటే తినే పళ్ళనుకున్నాడు పాపం. కాఫీ హోటల్లో మొదటిసారి కలిసినప్పుడు మాట కలుపుదామని, "సీజన్లో బాగా పోతాయాండీ?" అని అడిగాడు.

"సీజనుతో పనేముందండీ? వయసు మీద పడితే అందరివీ పోతాయి" అందామె.

ఆమె పళ్ళు ఊడినవాళ్ళకి కట్టుడు పళ్ళ సెట్లు తయారు చేస్తుందని ఇంకో పావుగంటకిగానీ అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే విగ్గు! పెదాలు బిగబట్టి గోడకేసి చూశాడు. ఆమె మాత్రం అతని మూతికేసే చూస్తూ కూర్చుంది.

రెండోసారి కలిసినప్పుడు, "సెలవు రోజు ఏం చేస్తుంటారు?" అని అడిగింది. గుమాస్తాకి ఫోను పట్టుకుని ఇంటర్నెట్టులో ఆ పేజీ ఈ పేజీ తిప్పుతూ పడుకోవడం తప్ప వేరే పనేమీ లేదు. కాస్త గొప్పగా వినిపిస్తుందని, "సర్ఫింగ్ చేస్తుంటానండీ" అన్నాడు. "నిజమా!" అని ఆమె కళ్ళు ఇంతింత చేసుకుంది. ఫోను చూసుకునేవాడంటే ఈ రోజుల్లో ఇంత గౌరవమా అని అతను ఆశ్చర్యపోయాడు. మర్నాడు ఆమె దగ్గర్నుంచి మెసేజీ వచ్చింది. ఊళ్ళో కొత్తగా అలల యంత్రం పెట్టారట, నాలుగు గోడల మధ్యే అలల మీద స్వారీ చేయొచ్చట, ఆదివారం అక్కడ కలుద్దాం, మీరే నాకు నేర్పాలి అని. అది చదివి గుమాస్తా పై ప్రాణాలు పైనే పోయాయి.

"కాదని చెప్పెయ్ అక్కా" అన్నాడు.

"నోర్ముయ్యి. ఇది తప్పిపోతే ఇంకో సంబంధం నేను తేలేను" అంది అక్క. ఆదివారం పొద్దున్నే చెప్పులు అతికించే జిగురు డబ్బా తెచ్చి, విగ్గుకి లోపలంతా పట్టించి, తమ్ముడి నెత్తిన పెట్టి రెండు చేతులతో అదిమింది. "ఇక ప్రాణం పోయినా ఇది ఊడదు. చూస్తుండు" అంది.

ఆ అలల యంత్రం ఉన్న చోటు ఒక పెద్ద గోదాములా ఉంది. లోపల అడుగుపెట్టగానే వెచ్చటి క్లోరిన్ మందునీళ్ళ వాసన, పక్కనున్న మనిషి అరిస్తేగానీ మాట వినపడనంత హోరు. నీలం రంగు వాలు మీద నీళ్ళు ఎగిసి అలగా లేస్తున్నాయి. కానీ ముందుకు రాకుండా అక్కడే బుసకొడుతున్నాయి. అల వెనకాల లోతైన గుంట, గుంట చివర నీళ్ళు మళ్ళీ యంత్రంలోకి పోయే ఇనుప జాలీ. పైన అద్దాల గ్యాలరీలో అక్క చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కాపలా కూర్చుంది. అందరికీ ఒకే రకం నల్లటి రబ్బరు దుస్తులిచ్చారు. కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టమన్నారు. అది తీస్తే గుమాస్తాకి ప్రపంచమంతా మసకే.

కోచ్ బుర్ర మీసాలవాడు, చెట్టంత మనిషి. గుమాస్తా అతని దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళి, "కాలు బెణికిందండీ" అని మొదలుపెట్టాడు.

"బెణికినా వచ్చారంటే మీరు మామూలు మనిషి కాదు సార్!" అన్నాడు కోచ్.

"ఆయనకిది ప్రతి సెలవు రోజూ అలవాటేనట" అందామె మెరిసిపోతూ.

"అలాగా! అయితే సార్ కి చిన్న అల పెట్టి అవమానించకూడదు. పెద్దది పెడదాం. ఏం సార్, పెట్టమంటారా?"

వద్దని చెప్పాలంటే తల అడ్డంగా ఊపాలి. ఊపితే కొంప మునుగుతుంది. నోటితో చెబుదామంటే, అప్పటికే మీట దగ్గరికి వెళ్ళిపోయిన కోచ్ కి హోరులో వినపడదు. కట్టుకొయ్యలా నిలబడిపోయాడు. "చూశారా అమ్మా, ఎంత ధీమానో! తల కూడా కదపట్లేదు" అని కోచ్ మెచ్చుకుని పెద్ద మీట కిందకి లాగాడు.

గుమాస్తా అల మీద తేలే బోర్డెక్కి నిలబడ్డాడన్నది నిజం. నిలబడ్డానని తెలుసుకునేంతసేపు కూడా నిలబడలేదన్నదీ నిజమే. కింద ఉండాల్సిన నీళ్ళు పైనుంచి వచ్చాయి, పైన ఉండాల్సిన దీపాలు కాళ్ళ కిందికి వచ్చాయి. ముక్కులోంచీ నోట్లోంచీ మందునీళ్ళు తాగుతూ గుంటలో పడి, ఏదో నిచ్చెన చేతికి దొరికితే పాక్కుంటూ వెనకపక్క ఒడ్డెక్కాడు. నెత్తికి చల్లగా గాలి తగిలింది. ఎన్నాళ్ళకో తగిలిన గాలి, ప్రాణం లేచొచ్చింది. మరుక్షణం చెయ్యి పెట్టి తడుముకున్నాడు. నున్నగా ఉంది! గబగబా తువ్వాళ్ళ అర చాటుకి పోయి నక్కాడు.

అప్పుడే ఎవరో కేక పెట్టారు. "అదిగో, జాలీ దగ్గర! జుట్టు! ఎవరో మునిగిపోయారు!"

యంత్రం ఆగిపోయింది. కోచ్ గుభాలున నీళ్ళలో దూకాడు. మునిగాడు, తేలాడు, మళ్ళీ మునిగాడు. పైకొచ్చి ఏడుపు గొంతుతో, "జుట్టు చేతికి తగులుతోంది, మనిషి తగలట్లేదు! తల జాలీలో ఇరుక్కుంది, ఒళ్ళు లోపలికి పోయింది!" అన్నాడు. గుంటలో నీళ్ళన్నీ తోడెయ్యమని మేనేజరు అరిచాడు. గ్యాలరీలోంచి అక్క, "ఒరేయ్ తమ్ముడూ! ఊడదని నేనే కదరా చెప్పాను! నా చేతులతో నేనే చంపుకున్నానురా!" అని గుండెలు బాదుకుంది. ఆ ఏడుపు వినలేక గుమాస్తా తువ్వాలు కప్పుకుని మెట్లెక్కి వెళ్ళి ఆమె భుజం తట్టాడు.

అక్క తిరిగి చూసి, "బతికే ఉన్నావా!" అని వాటేసుకుని భోరుమంది. ఆ వెంటనే కళ్ళు తుడుచుకుని గుసగుసగా అంది. "సరే, నోరు మూసుకుని ఇలాగే ఉండు. ఆ పిల్లకి నీ బట్టతల సంగతి తెలీదు. గుంపులో కలిసి బయటికి పో. సాయంత్రానికల్లా ఇంకోటి కొనుక్కొస్తా."

"నేను చచ్చిపోయాననుకుంటున్నారు కదక్కా?"

"సాయంత్రం దాకా అనుకుంటే ఏం మునిగిపోదులే. వెళ్ళు!"

బయటికి పోయే తలుపు పక్కనే బెంచీ ఉంది. బెంచీ మీద ఆమె వణుకుతూ కూర్చుని ఉంది. తల దించుకుని దాటిపోబోతే, "ఏవండీ, మీరూ నీళ్ళలోనే ఉన్నారు కదా, ఆయన్ని చూశారా?" అని ఆపింది. అతను పక్కనే కూలబడ్డాడు.

"చూడలేదండీ" అన్నాడు గొంతు మార్చి. "మీకేమవుతారు?"

"ఏమవుతారో ఇవాళ తేల్చి చెబుదామని వచ్చాను."

గుమాస్తా ఆశగా ముందుకు వంగాడు. "అంటే... సరేనని చెబుదామనా?"

"కాదండీ. వద్దని."

చచ్చాక కూడా సంబంధం తప్పిపోయిన మగాడు లోకంలో తనొక్కడే అయ్యుంటాడని గుమాస్తాకి అనిపించింది. గొంతు మార్చడం మర్చిపోయి, "ఎందుకండీ? జుట్టు బాగాలేదా?" అన్నాడు దీనంగా.

"జుట్టెవరు చూశారండీ? నా పని నాది. నేను నోరు చూస్తాను." ఆమె కళ్ళొత్తుకుంది. "రెండుసార్లు కలిశాం. ఒక్కసారీ పళ్ళు కనిపించేలా నవ్వలేదు. మూతి బిగించుకుని గోడకేసి చూస్తాడు. నవ్వని మనిషితో రోజులెలా గడుస్తాయి చెప్పండి? తనకిష్టమైన చోటైతే నవ్వుతాడేమోనని ఇక్కడికి రమ్మన్నాను. ఇవాళా నవ్వకపోతే వద్దని చెప్పేద్దామనుకున్నాను. ఇంతలో పాపం..." అని వెక్కి వెక్కి ఏడ్చింది. తన చావుకి తనే ఆమెని ఓదార్చాల్సొచ్చింది గుమాస్తాకి.

అవతల ఒడ్డున మేనేజరు కోచ్ మీద విరుచుకుపడుతున్నాడు. "పెద్ద అల పెట్టమని ఎవడు చెప్పాడు నీకు? పోలీసులు వస్తున్నారు, నువ్వే చెప్పుకో!" చెట్టంత మనిషి నేల మీద చతికిలబడి, "నా పిల్లలు అన్యాయమైపోతారు సార్" అని ఏడుస్తున్నాడు. మీసాల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. తలుపు గుమాస్తాకి రెండంగల్లో ఉంది. దాటితే పరువు దక్కుతుంది, కోచ్ బతుకు పోతుంది. పైన అద్దం వెనకాల అక్క పో, పో అని చేతులూపడం మసకగా కనిపిస్తోంది. గుమాస్తా తలుపుకేసి చూశాడు, కోచ్ కేసి చూశాడు, ఛీ నా బతుకు అనుకుని లేచాడు.

"ఏవండీ! ఆ తల నాదండీ" అన్నాడు అందరికీ వినపడేలా.

హోరు లేని ఆ గోదాములో మాట గోడగోడకీ తగిలింది. కోచ్ ఏడుపు ఆపి, "ఇదా సార్ పరాచికాలాడే వేళ? ఆయనకి బోలెడంత జుట్టుంది" అన్నాడు. మేనేజరు అనుమానంగా దగ్గరికొచ్చాడు. "మీదేనని నమ్మకమేంటి? గుర్తులు చెప్పండి."

జీవితంలో మొదటిసారి గుమాస్తా ఆ మాటకి అవతలి పక్క నిలబడ్డాడు. తల కొట్టేసినట్టయింది. అయినా చెప్పాడు. "కుడిపక్క పాపిడండీ. ఎడమ చెవి దగ్గర ఊడిపోతే నల్లదారంతో నేనే కుట్టాను. దారం చాలక చివరి కుట్లు నీలందారంతో వేశాను. లోపలంతా చెప్పుల జిగురు."

అప్పటికి నీళ్ళు జాలీ కిందికి దిగాయి. కోచ్ గుంటలోకి దిగి, కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టి లాగాడు. దాని వెనకాల మనిషి రాలేదు. తిరగేసి చూశాడు. "నీలందారం సార్! నీలందారమే!" అని గంతులేస్తూ వచ్చి గుమాస్తాని అమాంతం ఎత్తుకున్నాడు. దింపి, ఆ నీళ్ళోడుతున్న విగ్గుని భక్తిగా తెచ్చి అతని నెత్తిన పెట్టాడు. వెనకది ముందుకొచ్చింది. పాపిడి మెడ మీదికి పోయింది. నీళ్ళు ముక్కు మీంచి ధారగా కారాయి. చుట్టూ మూగిన జనం పగలబడి నవ్వారు.

పోయేదేదీ ఇక మిగల్లేదు. జుట్టు పోయింది, సంబంధం పోయింది, పరువు పోయింది, చివరికి చావు కూడా పోయింది. ఆ మాట తట్టగానే గుమాస్తాకి లోపల్నుంచి ఏదో తన్నుకొచ్చింది. ఆపుకుందామని అలవాటుగా పెదాలు బిగించాడు. ఇక ఎందుకు ఆపుకోవాలో తెలియక వదిలేశాడు. కడుపు పట్టుకుని, నోరంతా తెరిచి, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వాడు. నుదురు కదిలింది. విగ్గు జారి తపుక్కున కింద పడింది. అతను దాని వంక చూడనైనా చూడలేదు.

ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. మొహం ఎర్రగా ఉంది. "ఇంతసేపూ పక్కన కూర్చుని మీ చావుకి నన్ను ఏడిపిస్తారా?"

గుమాస్తా నవ్వు ఆగిపోయింది.

"ఇంకా పెట్టుడువి ఏమైనా ఉన్నాయా?"

"లేవండీ. ఆ సర్ఫింగు కూడా ఫోన్లోదేనండీ. పళ్ళు మాత్రం నావే."

"అది మీరు చెప్పక్కర్లేదు. నోరు తెరవండి." తెరిచాడు. ఆమె అతని గడ్డం పట్టుకుని దీపం వైపు తిప్పి, పైవరస, కిందివరస నింపాదిగా చూసింది. "కింద ఒకటి పుచ్చుతోంది."

"పీకించెయ్యాలాండీ?"

"అక్కర్లేదు. బాగు చెయ్యొచ్చు." చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ అంది. "నేను వద్దని చెబుదామనుకున్న ఆయన అదిగో, నీళ్ళలో పోయాడు. మీరెవరో నేనిప్పుడే చూస్తున్నాను. పదండి, కాఫీ తాగుదాం."

మర్నాడు అక్క ఆఫీసుకి వచ్చి, గొడుగుల పక్కన ఆరబెట్టి ఉన్న విగ్గుని చూపించి, ఇచ్చెయ్యమంది. పోయినవాడే స్వయంగా వచ్చి గుర్తులు చెప్పి తీసుకెళ్ళాలన్నాడు గుమాస్తా, తలెత్తకుండానే.