నస్యం బుడ్డి మర్యాద

పొద్దున్నే ఉప్మా పెట్టి, బేరం తేల్చుకుని, దుకాణం తెరిచే వేళకల్లా బీదర్ ధాన్యం బజారు గాంధీ గంజ్‌లో ఉండాలన్నది వెంకట్‌రావు ఆలోచన. కందిపప్పు కొనడానికి మంగోలియా నుంచి వచ్చిన బాత్‌బాయర్ ఇంటికి వస్తున్నాడు. తన సరుకు విదేశం పోతుందని గంజ్ అంతా ముందే చాటేశాడు కాబట్టి, ఈ బేరం తప్పితే వెంకట్‌రావు తలెత్తుకు తిరగలేడు.

మర్యాదల సంగతి బామ్మర్ది అమర్నాథ్ చూసుకున్నాడు. ఫోన్‌లో సగం చదివి మొత్తం తెలిసినట్టు మాట్లాడటం అతనికి అలవాటే.

"వాళ్లు ఏమిచ్చినా రెండు చేతులతోని తీస్కోవాలె బావా. వద్దంటే బేఇజ్జత్ చేసినట్టే," అన్నాడు.

బాత్‌బాయర్ వచ్చాడు. మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకుని, జేబులోంచి చిన్న రాతి నస్యం బుడ్డి తీసి భక్తిగా అందించాడు. వెంకట్‌రావు రెండు చేతులతో అందుకుని, కళ్లకద్దుకుని, దేవుడి అల్మారాలో పెట్టి దానికి కుంకుమ బొట్టు కూడా పెట్టాడు. అతిథి ముఖం పాలిపోయింది.

"చూడు బావా, సంబురంతోని నోట మాట వస్తలేదు," అన్నాడు అమర్నాథ్.

తిరుగు మర్యాదగా వెంకట్‌రావు నల్లటి లోహం మీద వెండి పొదిగిన బిద్రీ కూజా ఇచ్చాడు. ఊరికే పుచ్చుకోవడం బాత్‌బాయర్‌కూ చేతకాదు. తన తోలు టోపీ ఇచ్చాడు. ఇటునుంచి వెండి పళ్లెం వెళ్లింది. అటునుంచి నడుముకున్న పట్టు దట్టీ వచ్చింది. ఉప్మా చల్లారిపోయింది. పప్పు మాట ఎత్తినప్పుడల్లా అతిథి అల్మారా వంక చూసి నిట్టూరుస్తున్నాడు. బేరం చెయ్యి జారిపోతోందని హడలిపోయి వెంకట్‌రావు గోడ గడియారం దించబోయాడు.

వంటింట్లోంచి భార్య సుమిత్రాబాయి విసురుగా వచ్చింది.

"జర ఆగుండ్రి! ఇల్లంత ఊడ్చి ఇస్తరా ఏంది? ఆయన కండ్లు గా బుడ్డి మీదనే ఉన్నయ్, కనిపిస్తలేదా?"

బుడ్డి తెచ్చి అతిథి చేతిలో పెట్టింది. అతను మూత తీసి వాసన చూసి, వెంకట్‌రావుకిచ్చి, చూడమని సైగ చేశాడు. వెంకట్‌రావు పీల్చి ఇల్లదిరేలా తుమ్మాడు. అతిథి చటుక్కున చెయ్యి చాపి, బుడ్డి తీసుకుని జేబులో వేసుకున్నాడు. అప్పుడు గాని అతని ప్రాణం కుదుటపడలేదు.

"అంటే, వాసన చూసి వాపస్ ఇయ్యాల్నా?" వెంకట్‌రావు బామ్మర్దిని కొరకొరా చూశాడు.

"గక్కడిదాక చదవలే బావా."

రెండు లారీల పప్పుకు అక్కడికక్కడే మాట కుదిరింది. ఆనందం పట్టలేక వెంకట్‌రావు, వాళ్ల మర్యాద వాళ్లకే చేసి చూపిద్దామని, తండ్రి వాడిన వెండి అత్తరు భరిణె తెచ్చి, చొక్కా చేతులు దించుకుని మరీ అందించాడు.

బాత్‌బాయర్ కూడా పొద్దుటి నుంచి బీదర్ మర్యాదలు శ్రద్ధగా నేర్చుకుంటున్నాడు. భరిణెను అందుకుని, కళ్లకద్దుకుని, సంచిలో వేసుకున్నాడు.

రెండు చేతులతోనే పుచ్చుకున్నాడు కాబట్టి, వంక పెట్టడానికేమీ లేదు.