విరిగిన కిటికీకి సూదీ దారం

కిటికీ మూసుకోకపోవడం విద్యార్థి జీవితంలో దొరికే మహాభాగ్యం! నవ్వకండి. చక్కగా మూసుకునే కిటికీ పక్కన కూర్చుని చదివినవాళ్లు ఏం నేర్చుకుంటారు? పాఠాలు. అంతేగా! మూసుకోని కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు పాఠాలు తప్ప మిగతావన్నీ నేర్చుకుంటారు.

నా మాట మీద నమ్మకం లేకపోతే ఆడపిల్లల హాస్టల్లో మూలగది అమ్మాయి సంగతి వినండి. ఫార్మసీ రెండో సంవత్సరం. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం ల్యాబు, సాయంత్రం స్టేషనరీ షాపులో బిల్లింగ్ పని. బయోకెమిస్ట్రీ ఒకసారి తప్పింది. ఈసారి కూడా తప్పితే కాలేజీలో సీటే పోతుంది. ఇంత తీరిగ్గా, ఇంత నిశ్చింతగా బతుకుతున్న పిల్లకి ఇంకో వ్యాపకం లేకపోవడం అన్యాయం కాదూ?

ఆ లోటు ఆకురాలే కాలం తీర్చింది. చెట్ల మీద ఆకులు రాలుతుంటే ఆమె గది కిటికీ రెక్కకి కూడా సరదా పుట్టింది. సగం ఊడి, ఒక్క మడతబందు మీద వేలాడుతూ ఆగిపోయింది. ఆ సందులోంచి చలిగాలి దూసుకొచ్చి పుస్తకంలో పేజీలు తనే తిప్పేస్తుంది. పిల్ల చదివినా చదవకపోయినా పుస్తకం మాత్రం పూర్తయిపోతుంది. ఏ ట్యూషన్ మాస్టారు చేయగలడు ఇంత మేలు?

అంత ఉపకారాన్ని గుర్తించలేని ఆ పిల్ల, వేళ్లు కొంకర్లు పోయి పెన్ను నిలవడం లేదంటూ వార్డెన్ మేడమ్ దగ్గరికి వెళ్లింది. వడ్రంగిని పిలిపించమంది! చూశారా ఈ కాలం పిల్లల తొందర? కిటికీ ఊడితే వడ్రంగి కావాలి, పన్ను నొప్పెడితే డెంటిస్టు కావాలి. ఆత్మవిశ్వాసం అన్నది ఒకటి ఉండక్కర్లేదా?

వార్డెన్ మేడమ్‌కి అది బోలెడంత ఉంది. ఎదుటివాళ్ల కష్టాల విషయంలో మరీను. వడ్రంగికి ఫోన్ చేయడం నిమిషం పని. అంత చిన్న పని చేస్తే హోదా ఏం కాను? అందుకని ‘స్వహస్తం’ అనే కుట్టు పథకం మొదలుపెట్టింది. ఎవరి గదికి కర్టెన్ వాళ్లే కుట్టుకోవాలి. దానివల్ల ఒత్తిడి తగ్గుతుందట, క్రియేటివిటీ పెరుగుతుందట! పైగా హాజరు కూడా వేస్తారు.

గోడల నిండా పోస్టర్లు వెలిశాయి. ‘రాలే ఆకులు, సాగే కుట్లు’ అని రాసి, కిటికీ పక్కన వేడివేడి టీ కప్పు పెట్టుకుని నవ్వుతూ కుట్టుకుంటున్న అమ్మాయి బొమ్మ వేశారు. ఆ బొమ్మలో కిటికీ మాత్రం మూసే ఉంది. గీసినవాడు పథకం అర్థం చేసుకోలేదు, పాపం.

పథకం కాలేజీ అంతా పాకింది. కాలు విరిగిన బెంచీకి దిండు కుట్టారు. కారే కుళాయికి సంచి తొడిగారు. ల్యాబులో మైక్రోస్కోపు పనిచేయదు. అయితేనేం, దాని ముసుగు మీద కుట్టిన పువ్వులు ఉత్త కంటికే స్పష్టంగా కనిపిస్తాయి! ఇక మైక్రోస్కోపుతో పనేముంది?

మన మూలగది అమ్మాయికి ఒక చెడ్డ అలవాటు ఉంది. ఏ పని చేసినా సరిగ్గా చేస్తుంది. పాత దుప్పటి ఉతికి, ఇస్త్రీ చేసి, నేల మీద పరిచి కొలతలు తీసింది. గాలికి బట్ట ఎగరకుండా బరువు పెట్టడానికి బయోకెమిస్ట్రీ పుస్తకం భలే పనికొచ్చింది. బస్సులో హెమ్మింగ్ చేసింది. ల్యాబులో ద్రావణం మరిగేలోపు బొందులు కుట్టింది. షాపులో బేరాలు లేనప్పుడు కౌంటర్ కింద టాకాలు వేసింది. సూది గుచ్చుకున్న వేలికి ప్లాస్టరు చుట్టుకుని రికార్డు రాసింది.

తీరా కడితే కర్టెన్ గాలికి లేచి ఆమె మొహాన్నే కొట్టింది. ఇంకొకరైతే అక్కడితో దండం పెట్టేసేవారు. ఈమె సైకిల్ షాపుకి వెళ్లి గుండ్రటి ఇనప వాషర్లు అడిగి తెచ్చింది. కింది అంచు మడతలో వాటిని వరసగా పెట్టి కుట్టేసింది. పక్క బొందుల్ని మేకులకి బిగించి కట్టింది. ఇక తుఫాను వచ్చినా ఆ కర్టెన్ కదలదు. చలి మాత్రం బట్టలోంచి నిక్షేపంగా లోపలికి వస్తూనే ఉంది. చలిని ఆపాలని పథకంలో ఎవరైనా రాశారా?

పక్కగది కిటికీ రెక్క కూడా ఊడిందే. ఆ గది అమ్మాయిని అందరూ నిద్రమొహం అంటారు. సూదిలోకి దారం ఎక్కించబోతేనే ఆమెకి ఆవులింతలొచ్చాయి. ఓ తువ్వాలుని రెండు డ్రాయింగ్ పిన్నులతో కిటికీకి తగిలించి, “ఇది మోడరన్ ఆర్ట్” అని ముసుగు తన్ని పడుకుంది.

తనిఖీ కమిటీ వచ్చింది. కమిటీ పెద్దాయన ముందు నిద్రమొహం గదిలో కాలు పెట్టాడు. తువ్వాలు ఎగిరొచ్చి ఆయన చెంప ఛెళ్లుమనిపించి, కళ్లజోడు ఊడగొట్టి మంచం కిందికి పంపించింది. “ఈ గదిలో మనుషులెలా ఉంటున్నారయ్యా? వడ్రంగిని పిలవండి ముందు!” అని ఆయన కేకలేశాడు.

ఆ తర్వాత మూలగదికి వచ్చాడు. కర్టెన్ అంగుళం కదల్లేదు. ‘గాలి బాధ లేదు, కిటికీ బ్రహ్మాండం’ అని రాసుకున్నాడు. కర్టెన్ తీసి చూడండి మహాప్రభో అని ఆ పిల్ల మొత్తుకుంది. అంత చక్కటి కుట్టుని కదిలించడానికి ఆయనకి మనసొప్పలేదు! అంచు తడిమి, మెచ్చుకుని, చల్లగా వెళ్లిపోయాడు.

పరీక్ష నెత్తి మీదికొచ్చింది. ఆమె మళ్లీ వార్డెన్ మేడమ్ దగ్గరికే పరిగెత్తింది.

“మేడమ్, నా కిటికీ ఇంకా మూసుకోవట్లేదండీ.”

“బ్రహ్మాండంగా ఉందని కమిటీయే రాసింది కదమ్మా! ఎంత బాగా కుట్టావు! రేపట్నుంచి సాయంత్రాలు కింద గదుల వాళ్లకి కూడా నేర్పించు.”

“పరీక్ష ఉందండీ. ఈసారి తప్పితే సీటు పోతుంది.”

“పరీక్షలదేముంది, మళ్లీ మళ్లీ వస్తాయి. చేతిలో విద్య ఊరికే వస్తుందా?”

ఆ పిల్లకి ఏడుపొచ్చింది. ఏడుపుకంటే ముందు ఒళ్లు మండింది. పుస్తకాలు చంకన పెట్టుకుని తిన్నగా నిద్రమొహం గదికి వెళ్లింది. అక్కడ వడ్రంగి వచ్చి, రెక్క బిగించి, టీ తాగి వెళ్లేసరికి గంట కూడా పట్టలేదట. గదంతా వెచ్చగా ఉంది.

“ఇక్కడ చదువుకోనా?”

“చదువుకోవే. పైకి మాత్రం చదవకు, నిద్ర పాడవుతుంది.”

మూలగది అమ్మాయి పాసైంది. పాసవడమే కాదు, మంచి మార్కులే వచ్చాయి. వార్డెన్ మేడమ్ ఆనందం చూడాలి! కుట్టుపని వల్ల ఏకాగ్రత పెరుగుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలంది. సభ పెట్టింది. కమిటీ పెద్దాయనకి శాలువా కప్పింది. పిల్లని వేదిక మీదికి పిలిచి, “నీ విజయానికి కారణం జూనియర్లకి చెప్పమ్మా” అంటూ మైకు చేతికిచ్చింది.

“వడ్రంగి అండీ” అందా పిల్ల. “ఆయన బాగుచేసిన కిటికీ పక్కన కూర్చుని చదివాను. అది నా గది కాదు. నా గదికి నేను చాలా బాగా కుట్టాను, అందుకని ఆయన రాలేదు. మిమ్మల్ని కూడా కర్టెన్లు కుట్టమంటారు. కుట్టండి. కాకపోతే చెల్లెళ్లూ, మీకు పుణ్యముంటుంది, సరిగ్గా మాత్రం కుట్టకండి.”