వరస ప్రకారం

ఇకమీదట ఆస్పత్రిలో పెద్దా చిన్నా తేడా ఉండదనీ, టోకెన్ యంత్రం అందర్నీ వరస ప్రకారమే పిలుస్తుందనీ ఆరోగ్యశాఖ మంత్రిగారు మైకులో ప్రకటించారు. మర్నాడే ఆయన బావమరిది పంటినొప్పితో వెళ్లి సాయంత్రం దాకా బల్ల మీద కూర్చున్నాడు.

మంత్రిగారు ఆలోచించారు. అలవాటు లేకపోయినా ప్రజల కోసం భరించారు. యంత్రానికి తెలివి ఉందిగానీ సంస్కారం లేదని తేలింది. అది నేర్పడానికి, రిటైరైన తత్వశాస్త్రం మాస్టారికి కారు పంపారు.

మాస్టారు పొంగిపోయారు. ఇన్నేళ్లూ పాఠాలు చెప్పినా ఆయన్ని ఒక్కరూ ప్రశ్న అడిగిన పాపాన పోలేదు.

"నీతి అంటే ఏంటి మాస్టారూ?" అన్నారు మంత్రిగారు.

"అందర్నీ ఒకేలా చూడటమండీ."

"అది దానికి పుట్టుకతోనే ఉంది. అదే జబ్బు. తగ్గే మార్గం చెప్పండి."

మాస్టారు కిటికీలోంచి కారు వైపు చూశారు. కాదంటే ఇంటికి నడిచి వెళ్లాలి. కాసేపటికి బుర్రలో శాస్త్రం కదిలింది.

"వరస ప్రకారం అన్నారుగానీ, ఏ వరసో చెప్పలేదుగా."

మంత్రిగారు లేచి కౌగిలించుకున్నారు.

యంత్రం కొత్త పాఠం నేర్చింది. "నమస్కారం. మంత్రిగారికి మీరేం వరస?" బంధువులకు ముందు కిటికీ, మిగతావాళ్లకు వెనక కిటికీ. తాను అబద్ధమాడదు కాబట్టి ఎదుటివాళ్లూ ఆడరని పాపం దాని నమ్మకం.

బావమరిది పన్ను క్షణాల్లో ఊడింది. అతని వెనకున్న ముసలావిడ, "మేనత్తని నాయనా," అంది. కూరగాయలమ్మే ఆమె చెల్లెలైంది. ప్లంబరు తోడల్లుడయ్యాడు. జ్వరంతో వచ్చిన ప్రతిపక్ష నాయకుడు కాసేపు తటపటాయించి "దాయాదిని" అన్నాడు. అది మాత్రం నిజమేనని చాలామందికి అనిపించింది. వారం తిరిగేసరికి ఊరంతా ఒకే కుటుంబమైంది. ఈ ఐకమత్యం తన పాలన ఫలితమని మంత్రిగారు పేపర్లో వేయించుకున్నారు.

అప్పుడే మాస్టారి భార్యకు కన్ను మసకేసింది. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేసరికి బంధువుల క్యూ గేటు దాటి రోడ్డెక్కింది.

"అన్న వరస అనండి. అందరూ ఏదో ఒకటి అంటున్నారుగా," అని గొణిగింది ఆవిడ.

మాస్టారు నోరు తెరిచారు. అబద్ధం గొంతు దాకా వచ్చి అక్కడే అడ్డం పడింది.

"ఏమీ కాను," అన్నారు యంత్రంతో.

"మీతో వేగలేను," అంది భార్య.

"వెనక కిటికీకి వెళ్లండి. మీ ముందు ఎవరూ లేరు," అంది యంత్రం.

అక్కడ డాక్టరు ఈగలు తోలుకుంటున్నాడు. మనిషి కనబడగానే కుర్చీ తుడిచి మరీ కూర్చోబెట్టి, కన్ను తీరిగ్గా చూసి, మందు చుక్కలు వేశాడు.

వాళ్లు బయటికొస్తుంటే గేటు దగ్గర సైరన్ మోగింది. మంత్రిగారు పొట్ట పట్టుకుని, బావమరిది భుజం మీద వాలి దిగారు.

"దారివ్వండి, మంత్రిగారు," అన్నాడు బావమరిది.

"మేమూ ఆయన వాళ్లమే," అంది క్యూ.

"వెనక కిటికీ ఖాళీగా ఉందండీ," అన్నారు మాస్టారు మెల్లగా.

"నమస్కారం. మంత్రిగారికి మీరేం వరస?" అని అడిగింది యంత్రం.

మంత్రిగారు అటూ ఇటూ చూశారు. పొట్టలో మళ్లీ మెలిపెట్టింది.

"ఆయనెవరో నాకు తెలీదు," అన్నారు.

"నాకూ తెలీదు," అన్నాడు బావమరిది.