ఓవెన్‌కి సరిపడా మనుషులు

గోడలో బిగించిన ఓవెన్ సరిగ్గా పనిచేయకపోతే కంపెనీ మనిషి వచ్చి ఇంట్లోవాళ్లను బాగుచేసి వెళ్తాడన్న సంగతి కాకినాడలో అందరికీ తెలిసిందే కనుక, హైమ దాన్ని కొనే ముందు చాలా రోజులు ఆలోచించింది. ఓవెన్‌ను బాగుచేయడమన్నది లేదు. అది ఫ్యాక్టరీలో అన్ని పరీక్షలూ నెగ్గి, సీలు వేయించుకుని వస్తుంది. ఇంట్లోవాళ్లకు ఆ సీలు ఉండదు. లోపం ఎక్కడుందో వెతకాల్సి వచ్చినప్పుడు సీలు లేనివైపు వెతకడమే పద్ధతి.

హైమ ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. గట్టుమీద పెట్టుకున్న పాత చిన్న ఓవెన్‌లో కేకు ఒకవైపు మాడేది, ఇంకోవైపు పచ్చిగా మిగిలేది. మాడినచోట చాకుతో గీకేసి, పైన క్రీము దట్టంగా పూసి ఇచ్చేది. ఎవరింట్లోనో పుట్టినరోజు పార్టీ ముగిసి, అక్కణ్ణుంచి ఫోనేదీ రాలేదని తేలేదాకా ఆమెకు గుండె దడదడలాడుతూనే ఉండేది. ఆ దడ పడలేకే గోడ ఓవెన్ కావాలనుకుంది. ఆమె భర్త కమలాకర్ ఎరువుల ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాడు. కూతురు కిన్నెర మూడో తరగతి చదువుతోంది.

భానుగుడి సెంటర్‌లోని షోరూములో సేల్స్ అమ్మాయి ముందు వంటింటి గోడ కొలతలు అడిగింది. తరవాత మనుషుల గురించి అడిగింది.

"మీ ఇంట్లో గట్టిగా నవ్వేవాళ్లు ఎవరైనా ఉన్నారాండి?"

కమలాకర్ గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు ఆగేదాకా అమ్మాయి ఓపిగ్గా ఫ్యాన్‌వైపు చూస్తూ నిలబడింది. ఆగాక, చవకరకం ఓవెన్లు చాలా సున్నితమనీ, పక్కింట్లో దగ్గినా వాటి వేడి తగ్గిపోతుందనీ చెప్పింది. ఖరీదైనవి దగ్గునీ తుమ్మునీ పట్టించుకోవు, చుట్టాలు వచ్చినా తట్టుకుంటాయి. హైమ మధ్యరకం తీసుకుంది. పైనా కిందా మంట, మధ్యలో గాలి తిప్పే ఫ్యాను, నల్లటి అద్దం తలుపు. ఇంటికి వెళ్తూ ఆటోలో ఆమె బిల్లు మళ్లీ మళ్లీ విప్పి చూసుకుంది. పొరపాటు చేశానేమోనన్న అనుమానం, ఇలాంటివి కొన్నప్పుడు అందరికీ వచ్చేదే, ఆమెకూ వచ్చింది.

వడ్రంగి వచ్చి గోడలోని అలమార కోసి, లోపల ఇటుక తొలిచి గూడు తయారుచేశాడు. వెనక గాలి ఆడడానికి సందు వదిలాడు. ఎలక్ట్రీషియన్ మీటరు దగ్గర్నుంచి విడిగా లావుపాటి వైరు లాగాడు. ఆ మర్నాడు కంపెనీ నుంచి వీర్రాజు అనే టెక్నీషియన్ వచ్చి, ఓవెన్‌ను గూట్లోకి తోసి, అంచుల్లో మరలు బిగించి, దానిమీద రసమట్టం పెట్టి చూశాడు. గాజులో బుడగ సరిగ్గా నడిమధ్యకొచ్చి నిలబడింది. అదే రసమట్టాన్ని ముగ్గురి భుజాలమీదా వరసగా పెట్టి చూశాడు.

"సార్ కొంచెం ఎడంపక్కకి ఒరిగేరండి. పర్లేదు, ఇప్పటికి నడిచిపోద్ది. ఏదైనా తేడా వస్తే ఫోన్ చేయండి మేడం గారూ."

తేడా మొదటి కేకుకే వచ్చింది. ఒకవైపు పొంగి, ఒకవైపు కూలబడింది. వీర్రాజు వచ్చి, కేకును కాసేపు చూసి, కమలాకర్‌ని కుర్చీలో కూర్చోమన్నాడు. సార్ నవ్వినప్పుడు తలుపు చుట్టూ ఉన్న రబ్బరు అదిరి వేడి బయటికి పోతోందని చెప్పాడు. మెడ వెనక, జుట్టు మొదలయ్యేచోట అందరికీ ఉండే మరని చిన్న స్క్రూడ్రైవరుతో అర చుట్టు తిప్పాడు. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదని కమలాకర్ అన్నాడు. ఆ వాక్యం చివర అతను మామూలుగా అయితే నవ్వేవాడు. ఈసారి పెదాలు రెండువైపులా సమానంగా కదిలి ఆగాయి.

మొదట్లో హైమకు హాయిగానే అనిపించింది. అతని నవ్వు వీధి చివరిదాకా వినిపించేది, పెళ్లిళ్లలో నలుగురూ తిరిగి చూసేవాళ్లు. ఇప్పుడు ఇంట్లో ప్రశాంతంగా ఉంది. కేకులు సమంగా పొంగుతున్నాయి. కానీ కమలాకర్ ఆఫీసునుంచి వచ్చి చెప్పులు విప్పే వేళకి ఆమె చెవులు దేనికోసమో రిక్కించుకునేవి. అది రాకపోయేసరికి, గ్యాసు కట్టేశానో లేదోనని మళ్లీ వంటింట్లోకి వెళ్లి చూసేది.

తరవాత కేకుల పైభాగం మాడడం మొదలైంది. వీర్రాజు తలుపు తెరిచి లోపలికి చూసి, తలుపు మూశాడు.

"పై మంట ఎక్కువగా ఉందండి. మేడం గారికి కోపం ఏ టయానికి వస్తాదండి?"

"నాకా? నాకు కోపమేంటి? పొద్దున్నుంచీ ఇంటిల్లిపాదికీ చాకిరీ చేసి, కేకు మాడిందని మిమ్మల్ని పిలిస్తే కోపం ఏ టైముకి వస్తుందని అడుగుతారా?"

"అదేనండి," అన్నాడు వీర్రాజు. కూర్చోమన్నట్టు కుర్చీ జరిపాడు.

"పూర్తిగా తీసేయకండి. కాస్త తగ్గించండి చాలు."

"మీ మోడల్లో తగ్గించడం లేదండి. ఉంటే ఉంటాది, లేకపోతే లేదు."

హైమ కమలాకర్‌వైపు చూసింది. అతను సమానంగా చిరునవ్వు నవ్వి, "ఎలాగూ కోపం మంచిది కాదంటారు కదా హైమా," అన్నాడు. మర్నాటికి ఒక పెద్ద ఆర్డరు ఉంది. ఆమె కూర్చుంది.

కోపం పోయినా భయం పోలేదు. భయం కూడా తీసేయొచ్చు కదా అని ఆమె అడిగితే, ఓవెన్‌కి భయంతో ఇబ్బందేమీ లేదని, ఒక్కోసారి భయం ఉంటేనే బాగా కాలుతుందని వీర్రాజు చెప్పి వెళ్లిపోయాడు.

మూడో తేడా వేరేరకంగా ఉంది. ఓవెన్ పనిచేస్తూ చేస్తూ మధ్యలో ఆగిపోయేది. లోపల దీపం ఆరిపోయేది, ఫ్యాను నిలిచిపోయేది, కాసేపటికి మళ్లీ అదే వెలిగేది. కేకు ఉడకని ఇడ్లీలా ముద్దగా మిగిలేది. వీర్రాజు రావడానికి ముందే కారణం హైమకు తెలిసిపోయింది, తెలియనట్టు ఉండిపోయింది. కిన్నెర "ఎందుకు" అన్నప్పుడల్లా ఓవెన్ ఆగుతోంది.

కిన్నెర రోజంతా అడుగుతూనే ఉండేది. సముద్రం దగ్గరే ఉన్నా కుళాయి నీళ్లు ఉప్పగా ఎందుకు లేవు? నాన్న ఇదివరకట్లా ఎందుకు నవ్వడు? టీచర్‌కి జవాబు తెలిసినప్పుడు మమ్మల్ని ఎందుకు అడుగుతుంది? ఆ మాట వినపడగానే ఓవెన్ చేసే పని ఆపి ఆలోచనలో పడేది. అన్నీ తెలిసేలా తయారైన యంత్రం కాబట్టి దానికది చాలా కష్టంగా ఉండేది.

హైమ తనకు చేతనైనవన్నీ చేసింది. పాప బడికి వెళ్లాకే ఓవెన్ వెలిగించేది. ఆదివారాలు పాపను పై అంతస్తులో పద్మలోచని గారింటికి పంపేది. వాళ్లింట్లో గోడ ఓవెన్ చాలా కాలంగా ఉంది, ఒక్కసారి కూడా ఆగలేదని పద్మలోచని గారే లిఫ్టులో చెప్పారు. ఒక ఆదివారం కిన్నెర అక్కణ్ణుంచి తొందరగా దిగొచ్చేసింది.

"అమ్మా, వాళ్లింట్లో అందరూ సోఫాలో ఒకటే వరసలో కూర్చున్నారు. టీవీ కూడా పెట్టుకోలేదు. ఎందుకలా కూర్చున్నారు?"

హైమ వెనక ఓవెన్ దీపం ఆరిపోయింది.

ఆమె కంపెనీకి ఫోన్ చేసి, ఓవెన్ తీసేసి పట్టుకుపొమ్మంది. తీసేయడానికి అభ్యంతరమేమీ లేదని ఫోన్లో అమ్మాయి మర్యాదగా చెప్పింది. అయితే గోడలో ఒకసారి గూడు తొలిచాక అది ఖాళీగా ఉండకూడదు. పై అంతస్తుల బరువు ఇప్పుడు దానిమీద ఉంటుంది. ఇటుకలతో మూస్తే కొత్త ఇటుక పాత గోడలో కలవదు. ఓవెన్ వద్దనుకున్న ఇళ్లలో ఇంట్లోవాళ్లే ఎవరో ఒకరు అందులో ఉండడం ఆనవాయితీ. చాలామంది సర్దుకుపోతున్నారు, పెద్దగా ఫిర్యాదులు రాలేదు.

వీర్రాజు వచ్చి ఓవెన్‌ను బయటికి లాగి డైనింగ్ టేబుల్‌మీద పెట్టాడు. ఆఫీసుకి సెలవు పెట్టిన కమలాకర్ గూడుముందు స్టూలేసుకుని ఎక్కి, తల లోపల పెట్టాడు. భుజాలు పట్టలేదు. పక్కకి తిరిగినా పట్టలేదు. హైమ మోకాళ్లు ముడుచుకుని సగందాకా వెళ్లింది, నడుం దగ్గర ఆగిపోయింది. ఊపిరి బిగబట్టి ఇంకాస్త లోపలికి జరగబోయింది. వీర్రాజు ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా దింపాడు.

"బలవంతం చేస్తే గోడకి దెబ్బండి," అన్నాడు.

వాళ్లు చీర కొంగు సర్దుకుంటూ, చొక్కా దులుపుకుంటూ ఉండగా కిన్నెర స్టూలెక్కి గూట్లోకి పాకి, కాళ్లు ముడుచుకుని, గడ్డం మోకాళ్లమీద ఆనించి కూర్చుంది.

"అమ్మా, నాకు సరిపోయింది చూడు!"

వీర్రాజు రసమట్టం తీసి పాప నెత్తిమీద పెట్టాడు. బుడగ కదలలేదు.

"ఇంత కరెక్టుగా ఎవరూ సరిపోరండి," అన్నాడు. అతని గొంతులో ప్రశంసగానీ జాలిగానీ లేదు. "అయితే పాప ఇందులో ఉండాలండి. లేదంటే ఓవెన్ ఇందులో ఉండి, పాప మరకి అర చుట్టు. మీ ఇష్టం మేడం గారూ. మాదేం బలవంతం లేదు."

ఇక్కడ తనకు కోపం రావాలని హైమకు తెలుసు. అది ఎక్కడినుంచి వచ్చేదో, వచ్చేముందు చెవులు ఎలా వేడెక్కేవో, మాట ఎలా దానంతటదే పైకి లేచేదో అన్నీ గుర్తున్నాయి. పరాయి ఊరినుంచి వచ్చి తన పాత ఇంటి తలుపు తట్టినట్టు ఆమె లోపల వెతుక్కుంది. ఎవరూ తలుపు తీయలేదు. ఉన్నదల్లా భయమే. భయంతో పాపను గట్టిగా పట్టుకోవచ్చు గానీ, వచ్చినవాణ్ణి బయటికి పొమ్మనడం కుదరదు. ఆమె నోరు తెరిచింది. అందరూ ఆమెవైపు చూశారు.

"టీ తాగుతారాండి?" అంది.

"ఆయ్, కొంచెం పంచదార తక్కువేయండి," అన్నాడు వీర్రాజు.

ఆమె టీ గిన్నె పొయ్యిమీద పెట్టింది. కమలాకర్ పాపను గూట్లోంచి దింపి కుర్చీలో కూర్చోబెట్టాడు. కిన్నెర మెడమీద జడ పక్కకి తీసుకుని, వెనక్కి తిరిగి అడిగింది.

"అంకుల్, మీక్కూడా తిప్పేరా?"

"ఉద్యోగంలో జేరినప్పుడేనమ్మా."

"మీరెందుకు తిప్పించుకున్నారు?"

టేబుల్‌మీద, వైరు కూడా తగిలించని ఓవెన్‌లోంచి చిన్న చప్పుడొచ్చింది. వీర్రాజు చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. అతని నుదురు ముడిపడి, ఏదో మాట అందబోతున్నట్టు పెదాలు కదిలాయి. తరవాత ముఖం మళ్లీ చదునైపోయింది. "తల కొంచెం వంచమ్మా," అన్నాడు.

ఓవెన్‌ను మళ్లీ గూట్లో బిగించాక ఆ సాయంత్రం చేసిన కేకు ఎంత చక్కగా వచ్చిందంటే క్రీము పూయడానికి హైమకు చెయ్యి రాలేదు. ఒక ముక్క కోసి కిన్నెరకిచ్చింది. పాప బాగుందని చెప్పి, ప్లేటు కడిగి బోర్లించి, హోంవర్కు రాసుకుంది. హైమ ఇంట్లో వస్తువులు ఉండాల్సినచోట లేకుండా పెట్టడం మొదలుపెట్టింది. ఉప్పు డబ్బాలో పంచదార పోసింది. గడియారం తలకిందులుగా తగిలించింది. వానలేని రోజు గొడుగేసుకుని బాల్కనీలో నిలబడింది. కిన్నెర అన్నీ చూసింది. గడియారం సరిచేసి, "తినేద్దామా అమ్మా," అంది.

రాత్రుళ్లు నిద్ర పట్టక, హైమ పాప పక్కన పడుకుని తనే అడిగేది: చందమామ మనతోపాటు ఎందుకు వస్తాడే? కిన్నెర బుద్ధిగా, తెలియదమ్మా అనేది. వంటింట్లో ఓవెన్ ఆగిన చప్పుడేమీ వినిపించేది కాదు.

పరీక్షలయ్యాక బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. నాగలత టీచర్ హైమను ముందు వరసలో కూర్చోబెట్టింది. ఇదివరకు కిన్నెరతో పాఠం ముందుకు సాగేది కాదనీ, ఇప్పుడు ఎంత చెబితే అంతే రాస్తోందనీ, మార్కులు బాగా పెరిగాయనీ, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే ఉంటోందనీ మెచ్చుకుంది. మిగతా తల్లులు హైమవైపు గౌరవంగా చూశారు. కిటికీలోంచి క్లాసు కనిపిస్తోంది. పిల్లలందరూ బెంచీలమీద ఒకే ఎత్తున, చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఒక్కరూ కిటికీవైపు తిరగలేదు.

"టీచర్ గారూ, ఇంతమంది ఇళ్లలో ఓవెన్ ఉందాండి?" అని హైమ అడిగింది.

"భలేవారే! అంత స్తోమత అందరికీ ఎక్కడుంటుందండి? మా క్లాసులో మీతో కలిపి ఏ ఇద్దరు ముగ్గురికో ఉందేమో."

"మరి వీళ్లందరూ..."

"వాళ్లమ్మానాన్నలే ఇంట్లో చేత్తో తిప్పేస్తారండి. కొంచెం టైము పడుతుంది, అంతే," అంది నాగలత టీచర్. తరవాతి తల్లిని పిలిచింది.