సోఫా చేతిలో బిస్కెట్లు

స్ప్రింగు బాబాయి అసలు పేరేమిటో మా వీధిలో ఎవరికీ అక్కర్లేదు. సోఫాలు చేసే పని ఆయనది. కొట్లో చట్రం బిగించడం, స్ప్రింగులు వేయడం, పీచు కూరడం బాబాయి వంతు. మిషను మీద కవర్లు కుట్టడం పిన్ని వంతు. జానెడు సూదితో రోజంతా ఆడుకునే ఈ మనిషే, ఇంజెక్షన్ అన్న మాట వింటే గోడకి జారగిలబడిపోతాడు.

అలాంటాయనకి డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, షుగరు హద్దు దాటుతోందని చెప్పింది. మూడు నెలలు టైమిస్తాను, కూరగాయలు, పప్పులు, తొక్కతో పళ్లు, ముడి ధాన్యాలు తినండి, ఒంట్లోకి పీచు వెళ్లాలి, వ్యవహారాన్ని సూదిదాకా రానివ్వకండి అంది. ఎర్రవీ, ఊదా రంగువీ ఎక్కువ తినమంది, వాటిలో యాంటీ ఆక్సిడెంట్లు ఉంటాయట. బాబాయి తెల్లమొహం వేస్తే, స్ప్రింగులు తుప్పు పట్టకుండా నూనె రాస్తారు కదా, ఇంచుమించు అలాంటి పనే అనుకోండి అని సర్దిచెప్పింది. బాబాయికి మాత్రం సూది అన్న మాట తప్ప ఇంకేమీ చెవికెక్కలేదు.

"పొద్దస్తమానం పీచుతోనే చస్తున్నాను. ఇంటికొస్తే కంచంలోనూ అదేనా?" అన్నాడు దారిలో.

"ఇన్నాళ్లూ సోఫాలకే కూరారు. ఇప్పుడు మీకు కూరతాను, కాస్త గట్టిగా నిలబడతారు" అంది పిన్ని.

మర్నాటినుంచి కంచంలో బీన్సు, క్యారెట్టు, తొక్క తీయని యాపిలు. అలమారలోని బిస్కెట్ల డబ్బా మాయం. టీలో బిస్కెట్టు ముంచందే బాబాయికి తెల్లారినట్టే ఉండదు. రెండు పూటలు ఓర్చుకున్నాడు పాపం, ఆ తర్వాత బుర్రకి పదునుపెట్టాడు.

ఊరందరి సోఫాలూ బాగుచేసే బాబాయి ఇంట్లో సోఫాకి రెండు చేతులూ చిరిగే ఉండేవి. కుట్టండి మహాప్రభో అని పిన్ని ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉంది, ఆయన రేపు రేపు అంటూనే ఉన్నాడు. ఆ మధ్యాహ్నం పిన్ని గుడ్డ కొనడానికి బజారుకెళ్లగానే, కుడిచేతి లోపల బిస్కెట్ల సంచీ పెట్టి, కుట్టు కనపడకుండా కుట్టేసి, వెనకవైపు చెయ్యి పట్టేంత సందు వదిలాడు. పనితనం చూసుకుని తనే మురిసిపోయాడు.

వీధి మలుపులో బేకరీ ఉంది కానీ, అక్కడ కొంటే మాట ఇంటికి మోస్తారు. అందుకని పార్కు అవతల ఎక్కడో ఉన్న బేకరీ పట్టాడు. స్కూటరు తీస్తే ఆ చప్పుడుకి వీధంతా లేస్తుంది. కాబట్టి, కాస్త గాలి పీల్చుకొస్తానని చెప్పి సాయంత్రాలు నడిచే వెళ్లేవాడు. పిన్ని ఒక్కరోజు కూడా అడ్డు చెప్పలేదు. కంచంలో కూర సగం వదిలేసినా ఏమీ అనలేదు. పెళ్లయ్యాక మొదటిసారి పిన్నిని గెలిచానని బాబాయి పొంగిపోయాడు.

కొన్నాళ్లకి ఆ బేకరీ బిస్కెట్లు మారాయి. ముందు గోధుమరంగులో గరుగ్గా వచ్చాయి, తర్వాత ఎర్రగా, ఆ తర్వాత ఊదాగా. ఇదేంటమ్మా అంటే, ఇప్పుడందరూ ఇవే అడుగుతున్నారని తలెత్తకుండా పొట్లం కట్టింది బేకరీ ఆవిడ. మొదట గొణిగాడు. వారం తిరిగేసరికి ఇంకో రెండు ఎక్కువ కట్టమనే దాకా వచ్చాడు.

ఒక ఆదివారం పిన్ని తమ్ముడు వచ్చాడు. మనిషి భారీ. వస్తూనే సోఫాలో కూలబడి కుడిచేతి మీద మోచెయ్యి ఆనించాడు. లోపల కరకరమంది.

"ఏంటి బావా ఇది?"

"కొత్త స్ప్రింగు వేశాను. సర్దుకుంటోంది."

స్ప్రింగు సర్దుకుందో లేదో కానీ చీమలు మాత్రం బారు కట్టి బావమరిది చొక్కాలోకి సర్దుకున్నాయి. ఆయన గెంతుతుంటే, ఆ సోఫా చెయ్యి విప్పి చూడండీ అంది పిన్ని. బాబాయి సోఫా చేతికి అడ్డంగా నిలబడ్డాడు. పీచు మంచిదైతే చీమలు రావడం మామూలేనని ఏదో కోత కోశాడు. మీకు తెలిసినంత నాకేం తెలుసులెండి అని పిన్ని టీ పెట్టడానికి వెళ్లిపోయింది.

మూడు నెలలూ అయ్యాయి. రక్తం తీస్తుంటే బాబాయి కళ్లు మూసుకుని పిన్ని చెయ్యి వదల్లేదు. ఫలితం చూసి డాక్టరమ్మ మొహం విప్పారింది. షుగరు దిగింది, సూది మాటే లేదు, కూరలు బాగా తిన్నట్టున్నారే అంది.

అక్కడ నోరు మూసుకుంటే ఆయన బాబాయి ఎందుకవుతాడు?

"కూరలా? మూడు నెలలూ బిస్కెట్లే తిన్నానండీ. సోఫాలో దాచుకుని మరీ తిన్నాను. ఈవిడకి ఇవాళ్టిదాకా తెలీదు" అని పిన్నికేసి దర్జాగా చూశాడు.

పిన్ని తాపీగా చెప్పుకొచ్చింది. ఏళ్ల తరబడి కుట్టని సోఫా బజారుకెళ్లొచ్చేసరికి కుట్టేసి ఉంటే, అదీ ఒక్కవైపే కుట్టి ఉంటే, ఏ ఆడదానికైనా అనుమానం రాదా అంది. వెనక సందులో చెయ్యి పెడితే దొరికిన సంచీ మీద బేకరీ పేరు, ఫోను నంబరు ఉన్నాయట. ఏమేం వేసి చెయ్యాలో ఫోన్లో తనే చెప్పిందట. ముడి గోధుమపిండి, ఓట్స్, తవుడు, తొక్కతో తురిమిన యాపిలు, బీట్‌రూటు. పంచదార పేరుకే.

"మరి ఆ ఊదావి?" అన్నాడు బాబాయి నీరసంగా.

"క్యాబేజీ. ఊదా రంగుది."

డాక్టరమ్మ నవ్వాపుకోలేక, రోజూ అంత దూరం నడవడమూ కలిసొచ్చిందండీ అంది. బాబాయి తల దించుకున్నాడు.

బయటికొచ్చాక పిన్ని, "సూదికి మీరు భయపడ్డారు. మీకేమన్నా అవుతుందేమోనని నేను అంతకన్నా భయపడ్డాను" అంది. బాబాయి ఆవిడ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు.

ఆ సాయంత్రం ఎవరూ చెప్పకుండానే సూదీ దారం తీసుకుని సోఫా ఎడమచేతి దగ్గర కూర్చున్నాడు. శుభ్రంగా చివరిదాకా కుట్టబోతుంటే పిన్ని వచ్చి చెయ్యి పట్టుకుని ఆపింది.

"కాస్త సందు వదలండి. దాచుకుని తింటే తప్ప మీకు రుచించదు కదా."