ఓర్విల్ ఖాతాకి జలుబు చేసింది

ఆ మంగళవారం పొద్దున ఓర్విల్ హాగెన్ పెట్టుకున్న పనులు మూడే. పడవ మోటారుకి నూనె పట్టించాలి. పదింటికి డెలోరిస్ హోటల్లో పాత స్నేహితుడు మైలోతో కాఫీ తాగుతూ ఆపిల్ పై అనే తీపి రొట్టె తినాలి. ఇంటికొచ్చి ఒక కునుకు తియ్యాలి. పాలకేంద్రం లారీ నడిపి రిటైరైన మనిషికి అంతకన్నా పెద్ద కార్యక్రమం అక్కర్లేదు. పైగా వచ్చే శనివారం సరస్సులో చేపల వేట మొదలు. విల్లో ఫోర్క్ ఊరి మగవాళ్ళు చలికాలమంతా వాకిట్లో మంచు ఎత్తిపోసుకుంటూ ఆ ఒక్క శనివారం కోసమే బతుకుతారు. ఈసారి ఓర్విల్‌కి కొత్త మోటారు కూడా ఉంది. కొత్తదంటే, ఊళ్ళోనే ఉండే వర్జిల్ పదేళ్ళు వాడి తనకి అమ్మినది.

నూనె డబ్బా మూత తియ్యకముందే తపాలా వచ్చింది. బ్యాంకు నుంచి నాలుగు కవర్లు. ఓర్విల్ వాటిని గరాజ్‌లోకి పట్టుకుపోయి, తలుపు వేసుకుని చించాడు. చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. ఖాతాలో డబ్బు లేకుండా చెక్కు రాసినందుకు జరిమానా అట. ఆపిల్ పై తిన్న చెక్కుకి పదిహేను డాలర్లు. క్షవరం చెక్కుకి పదిహేను. డోనట్లకి పదిహేను. నాలుగోది ఎర చేపల చెక్కు. డాలరు పావలా ఎర చేపలకి కూడా పదిహేనే. ఆ లెక్కన ఎర చేపల్నే వేయించుకు తిని, పెద్ద చేపల్ని నీళ్ళలో వదిలెయ్యటం లాభం.

అతనికి కోపం కన్నా ముందు ఆశ్చర్యం వేసింది. ఫోన్ రాలేదేమిటి?

ఎందుకంటే ఆ బ్యాంకు ఫోన్ చేసేది. మైలో మేనేజరుగా ఉన్న రోజుల్లో బ్యాంకంటే ఎర్ర ఇటుకల ఇల్లు, లోపల మైనం పట్టించిన చెక్క బల్ల, బల్ల మీద పిప్పరమెంట్ల గిన్నె, బల్ల కింద కుక్కలకి బిస్కట్ల డబ్బా. బూట్ల మంచు దులుపుకుని లోపలికి వెళ్తే, పని ఉన్నా లేకపోయినా హీటరు పక్కన కాసేపు నిలబడనిచ్చేవాళ్ళు. ఎవరి ఖాతాలోనైనా డబ్బు అడుగంటితే మైలో స్వయంగా ఫోన్ తీసేవాడు. "ఓర్విల్, నీ ఖాతాకి కాస్త జలుబు చేసినట్టుంది. వీలున్నప్పుడు ఇటు రా" అనేవాడు. జరిమానా అనే మాట అతని నోట ఎప్పుడూ రాలేదు. ఓర్విల్ తీరుబడిగా రెండ్రోజులకి వెళ్ళేవాడు. వెళ్ళేసరికి మైలో చేతిలో పిప్పరమెంటు పెట్టి, "తగ్గిపోయిందిలే" అనేవాడు. ఖాతాలు కూడా మనుషుల్లాగే కాస్త పడుకుంటే కోలుకుంటాయని ఓర్విల్ నమ్మకం. అందుకే ఏనాడూ చెక్కుబుక్కులో మిగులు ఎంతో రాసుకోలేదు. ఫోన్ మోగకపోతే డబ్బు ఉన్నట్టే లెక్క. ఆ రోజులు తలుచుకుంటే ఆ ఊళ్ళో ఎవరికైనా ఇప్పటికీ మనసు పట్టేస్తుంది.

కొత్త సంవత్సరానికి మైలో రిటైరయ్యాడు. బ్యాంకుని మినియాపోలిస్ పట్నం వాళ్ళెవరో కొన్నారు. పిప్పరమెంట్ల గిన్నె పోయింది, కుక్కల బిస్కట్లు పోయాయి, చెక్క బల్ల స్థానంలో అద్దాల గదులొచ్చాయి. అయితే ఓర్విల్ దృష్టిలో రిటైరైంది మైలో ఒక్కడే, ఫోన్ కాదు.

ఇప్పుడు అసలు భయం జరిమానా గురించి కాదు, భార్య ఆర్డిస్ గురించి. పెళ్ళయిన కొత్తలోనే "ఇల్లు నీది, చెక్కుబుక్కు నాది" అని ఆవిడతో ఒప్పందం చేసుకున్నాడు. తను రాసిన చెక్కు ఒక్కటీ తిరిగి రాలేదని చర్చి విందుల్లో బావమరుదుల ముందు ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. ఆర్డిస్ పక్కనే కూర్చుని తలూపేది. మంచి ఇల్లాలు. ఉన్నట్టుండి గరాజ్‌కి రంగు మార్చమనటం, లేదంటే ఫార్గోలో ఉన్న చెల్లెలు ఇంగ్రిడ్ ఇంటికి తీసుకెళ్ళమని పట్టుబట్టటం తప్ప ఆవిడలో వంక పెట్టటానికి ఏమీ లేదు. ఇంగ్రిడ్ మొగుడు గోడకి తెర కట్టి, తాము చూసొచ్చిన ఆనకట్టల ఫొటోలన్నీ చూపించేవాడు. ఆయనకి ఆనకట్టలంటే ప్రాణం. సంగతి తెలిస్తే ఆర్డిస్ ఒక్క మాటా అనదు. చెక్కుబుక్కు ఇమ్మని చెయ్యి చాచుతుంది, అంతే. చొక్కా జేబులో ఆ చెక్కుబుక్కు లేకపోతే ఓర్విల్‌కి చొక్కా లేనట్టే.

కవర్లు ప్యాంటు జేబులో కుక్కుకుని బ్యాంకుకి పరిగెత్తాడు. కొత్త మేనేజరు మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు.

"మీరు ఫోన్ చెయ్యలేదు" అన్నాడు ఓర్విల్.

"ఎవరికండీ?"

"నాకు. ఖాతాలో డబ్బు తగ్గితే ఫోన్ చెయ్యాలి కదా. ఎప్పుడూ చేసేవాళ్ళు."

"ఇప్పుడు ఇవన్నీ పట్నంలో కంప్యూటర్ చూసుకుంటుందండీ."

"దానికి ఫోన్ లేదా?"

మేనేజరు నిజాయితీగా ఆలోచించాడు. "ఉందండీ. కాకపోతే అది ఇంకో కంప్యూటర్‌కే చేస్తుంది."

వర్జిల్‌కి రాసిన మోటారు చెక్కు ఖాతాని ఊడ్చేసిందని, మిగతావి దాని వెనకే వచ్చి పడ్డాయని మేనేజరు ఓపిగ్గా చెప్పాడు. "ఇంకా ఎవరికైనా చెక్కులిచ్చారాండీ? ఇవాళ మీరు డబ్బు కట్టినా రేపటికి గానీ లెక్కలోకి రాదు. ఈలోపు వచ్చిన ప్రతి చెక్కుకీ మళ్ళీ పదిహేను పడుతుంది."

ఓర్విల్ వేళ్ళ మీద లెక్కపెట్టాడు. నిన్న కూడా ఆపిల్ పై తిన్నాడు. ఎర చేపలు కొన్నాడు. మంగలి లైల్‌కి మీసం కత్తిరించినందుకు ప్రత్యేకంగా ఇంకో చెక్కు రాశాడు. దుకాణాలవాళ్ళు మధ్యాహ్నం బ్యాంకుకి వచ్చేలోపు వాటిని వెనక్కి తీసుకోవాలి. అందుకు చేతిలో రొక్కం కావాలి. రొక్కం ఇవ్వగలిగిన వస్తువు ఇంట్లో ఒక్కటే ఉంది.

ఓర్విల్ మోటారు తెచ్చి దింపుతుంటే వర్జిల్ తన ఇంటి మెట్ల మీద కూర్చుని కళ్ళప్పగించి చూశాడు.

"ఏమైనా చెడిందా?"

"చెడలేదు. నువ్వే వెనక్కి తీసుకో. రొక్కం ఇస్తే చాలు. ఒక పది తగ్గించుకో."

"శనివారం వేట కదా, ఓర్విల్!"

"ఈ శనివారం నాకు లేదులే" అన్నాడు ఓర్విల్, ఎటో చూస్తూ.

ఆ ఊళ్ళో వేటకి నాలుగు రోజుల ముందు మోటారు అమ్ముకున్న మగవాడు ఇంతవరకు పుట్టలేదు. అమ్ముకున్నాడంటే దానికి కారణం ఒక్కటే, డాక్టరేదో చెప్పి ఉండాలి. అలాగని అడగటం ఆ ఊరి పద్ధతి కాదు. ఎదుటివాడి కష్టం గురించి మొహం మీద అడగటం కన్నా వాళ్ళింటి కిటికీ పగలగొట్టటం మర్యాద అనుకునే జనం. వర్జిల్ పది తగ్గించకుండా మొత్తం డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు. తరవాత అవసరం లేకపోయినా ఓర్విల్ భుజం తట్టాడు. ఓర్విల్ వీధి మలుపు తిరగకముందే వర్జిల్ డెలోరిస్ హోటలుకి ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

ఓర్విల్ హోటల్లో అడుగు పెట్టేసరికి మాటలు ఆగిపోయాయి. మైలో ఆ పొద్దున ఉన్నట్టుండి పన్ను నొప్పి వచ్చి పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు గనక మూల బల్ల ఖాళీగా ఉంది.

"డెలోరిస్, నా చెక్కు ఉంటే ఇచ్చెయ్యి. రొక్కం తీసుకో. ఎవరి దగ్గరా నా లెక్క మిగిలి ఉండకూడదు" అన్నాడు ఓర్విల్.

డెలోరిస్ చెక్కు తెచ్చి ఇచ్చింది. డబ్బు ముట్టుకోలేదు. "నువ్వు ఇక్కడ తిన్నదానికి ఇంక డబ్బులేంటి, ఓర్విల్" అంటూ లోపలికి వెళ్ళిపోయింది. లోపల్నించి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

మంగలి లైల్ దగ్గర ఇంకా విడ్డూరం జరిగింది. అతను చెక్కు చించేసి, ఓర్విల్‌ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎవరూ అడక్కుండానే మళ్ళీ గడ్డం గీశాడు. "చక్కగా కనబడాలి" అన్నాడు మొహం పక్కకి తిప్పుకుని. ఎర చేపల దుకాణంలోనూ డబ్బు తీసుకోలేదు. ఓర్విల్‌కి కళ్ళు చెమర్చాయి. బ్యాంకు మారితే మారింది, మనుషులు ఇంకా మైలో కాలంలోనే ఉన్నారనుకున్నాడు. ఆ రొక్కమంతా బ్యాంకులో కట్టేసి, మధ్యాహ్నం దాటాక తేలికపడ్డ గుండెతో ఇంటికి నడిచాడు.

వంటింటి బల్ల మీద ఏడు పళ్ళాల హాట్‌డిష్ ఉంది. మాంసం, పుట్టగొడుగుల సూపు కలిపి, పైన బంగాళదుంపలు పరిచి ఓవెన్‌లో పెట్టే ఆ వంటకం ఇరుగుపొరుగు నుంచి ఒకరింటికి ఒకటి వస్తే ఎవరో జబ్బు పడ్డట్టు. రెండొస్తే ఆపరేషన్. ఏడు వచ్చిన ఇంటిని ఓర్విల్ తన జన్మలో ఒక్కసారే చూశాడు. ఆ ఇంట్లో శవపేటిక కూడా ఉంది.

ఆర్డిస్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వచ్చావా? కూర్చో" అని ఆవిడ కుర్చీ లాగింది. కిందకి వంగి అతని బూట్ల తాళ్ళు విప్పటం మొదలుపెట్టింది. పెళ్ళినాడు కూడా విప్పని మనిషి.

ఓర్విల్‌కి అప్పుడు తట్టింది. ఆర్డిస్‌కి ఏదో అయింది. ఊరందరికీ తెలుసు, తనకి చెప్పలేదు. డెలోరిస్ ఏడ్చింది ఇందుకే. లైల్ మొహం తిప్పుకుంది ఇందుకే.

"నువ్వు వంగకు. లే, లే. నేను విప్పుకుంటాలే" అన్నాడు.

"పర్లేదు. నువ్వు అలిసిపోయావు."

"నువ్వే అలిసిపోయావు. కాస్త నడుం వాలుస్తావా?"

"నువ్వు వాల్చు."

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకరి పళ్ళెంలో ఒకరు హాట్‌డిష్ వడ్డించుకున్నారు. ఎవరూ తినలేదు. ఆర్డిస్ వంక చూస్తుంటే ఓర్విల్‌కి పాలకేంద్రం డాన్సు విందులో పసుపు గౌను వేసుకుని గోడ పక్కన నిలబడ్డ పిల్ల గుర్తొచ్చింది. ఆ రోజు ఆ పిల్లే వచ్చి, "నీకు డాన్సు రాకపోతే నేను లెక్క చెబుతా, నువ్వు అడుగులు వెయ్యి" అంది. ఈ మనిషి లేని వంటిల్లు ఎలా ఉంటుందో ఊహించుకోబోయి, ఊహించుకోలేకపోయాడు. ఇద్దరి మధ్యా అబద్ధం ఉంచుకుని ఈవిడని సాగనంపటం తన వల్ల కాదనిపించింది.

జేబులోంచి కవర్లూ చెక్కుబుక్కూ తీసి బల్ల మీద పెట్టాడు. "ఆర్డిస్, నేనొక తప్పు చేశాను. చెక్కులు చెల్లలేదు. బ్యాంకు జరిమానా వేసింది. నీకు తెలియకుండా సర్దుదామని మోటారు వర్జిల్‌కి తిరిగి అమ్మేశాను. ఇక నుంచి చెక్కుబుక్కు నువ్వే ఉంచుకో. నువ్వు మాత్రం బాగుండు, నాకదే చాలు."

ఆర్డిస్ కవర్లు చూసింది. అతని వంక చూసింది.

"అంతేనా?"

"నాలుగు పదిహేనులు, ఆర్డిస్!"

"డాక్టరు దగ్గరికి వెళ్ళలేదా?"

"నేనెందుకు వెళ్తాను? జబ్బు నీక్కదా!"

"నాకేం జబ్బు? పొద్దున్నించీ ఆడవాళ్ళంతా వచ్చి, ధైర్యంగా ఉండు ఆర్డిస్, ధైర్యంగా ఉండు అని పళ్ళేలు పెట్టి పోతున్నారు. మోటారు అమ్ముకున్నావట, ఊళ్ళో లెక్కలన్నీ తేల్చుకుంటున్నావట. నువ్వు చచ్చిపోతున్నావనుకుని పొద్దున్నించీ ఏడుస్తూ కూర్చున్నాను, తెలివితక్కువవాడా!"

అని ఎప్రన్ మొహానికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఓర్విల్‌కి తెలియలేదు. అతను మాత్రం దాచుకోకుండా ఏడ్చాడు. ఆ తరవాత ఇద్దరికీ విపరీతమైన ఆకలి వేసింది.

రెండో పళ్ళెం సగంలో ఉండగా మైలో వచ్చాడు. బుగ్గ వాచి ఉంది, చేతుల్లో మోటారు ఉంది. "వర్జిల్ పంపాడు. ఆఖరిసారి వేటకి వెళ్ళమన్నాడు. నేను ఊళ్ళో లేని ఒక్క పూటలో ఏం చేశావు, ఓర్విల్?"

ఆర్డిస్ చెప్పింది. మైలో వాచిన బుగ్గ పట్టుకుని, నొప్పి పెడుతున్నా నవ్వాడు. తరవాత నవ్వు ఆపి, తప్పు చేసినవాడిలా ఆవిడ వంక చూశాడు. "నేను రిటైరయ్యేముందే కొత్తవాడికి చెప్పి ఉండాల్సింది, ఆర్డిస్. మన ఏర్పాటు సంగతి."

"ఏం ఏర్పాటు?" అన్నాడు ఓర్విల్.

గోడకున్న ఫోను వంక ముగ్గురూ చూశారు. ఫోను వంటింట్లో ఉంది. ఓర్విల్ ఎప్పుడూ గరాజ్‌లో ఉండేవాడు. ఎప్పుడు మోగినా ముందు ఎత్తింది ఆర్డిసే.

"ఎంత తగ్గిందో నేను ముందు ఈవిడకి చెప్పేవాణ్ణి, ఆ తరవాతే నిన్ను పిలిచి ఫోన్ ఇచ్చేది. కుట్టుపని డబ్బో, కోడిగుడ్లు అమ్మిన డబ్బో పట్టుకుని ఈవిడ ఆ సాయంత్రమే వచ్చి కట్టేది. ఆ తరవాతే నిన్ను పిలిచి ఫోన్ ఇచ్చేది. నువ్వు వచ్చేసరికి జలుబు తగ్గి ఉండేది" అన్నాడు మైలో.

ఓర్విల్‌కి చర్చి విందుల్లో పక్కన కూర్చుని తలూపిన ఆర్డిస్ కళ్ళ ముందు మెదిలింది. "ఒక్కసారైనా చెప్పలేదేం?" అన్నాడు.

"చెబితే ఆ జేబులో ఏం పెట్టుకునేవాడివి?" అంది ఆర్డిస్. బల్ల మీది చెక్కుబుక్కు తీసి అతని చొక్కా జేబులో పెట్టి, పైన ఒకసారి తట్టింది. "రాసేది నువ్వే రాయి. ఎంత కట్టాలో మాత్రం నాకు ముందే చెప్పు."

ఓర్విల్ ఆ చేతిని అక్కడే పట్టుకున్నాడు. "ఇన్నేళ్ళూ నా దగ్గర ఒక్క డాలరు కూడా పుచ్చుకోకుండా" అని ఏదో చెప్పబోయాడు.

"పుచ్చుకోకుండా ఎందుకుంటాను? జరిమానా వసూలు చేశాను" అంది ఆవిడ మూడో పళ్ళెం మూత తీస్తూ.

"ఎప్పుడు?"

"గరాజ్‌కి ఎన్నిసార్లు రంగు వేశావో గుర్తుందా?"

ఓర్విల్‌కి గుర్తొచ్చింది. తెల్ల రంగు, ఆకుపచ్చ, మళ్ళీ తెలుపు. ఆ తరవాత ఫార్గో ప్రయాణాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తెర ముందు చీకట్లో కూర్చుని చూసిన ఆనకట్టలన్నీ వరసగా కళ్ళ ముందు నిలిచాయి. ఆ లెక్కన చూస్తే, మినియాపోలిస్ వాళ్ళు పుచ్చుకునే పదిహేను డాలర్లు చాలా న్యాయమైన ధర.