మొదటి పేషెంటు

కె.జి.ఎఫ్.లో ఇకమీదట ఏ కార్మికుడూ విరిగిన ఎముకతో బాధపడనక్కర్లేదనీ, శుక్రవారం తమ చేతుల మీదుగా కార్మికుల ఎముకల ఆసుపత్రి తెరుచుకుంటుందనీ మంత్రిగారు ప్రకటించారు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు బుధవారం వెల్డరు నెల్సన్ కుడి మణికట్టు విరిగింది. బంగారుపేట వెల్డింగ్ షాపులో ఇనుప గేటు అతని చేతి మీద పడింది.

భార్య ఆలిస్ అతన్ని బెంగళూరు రైలెక్కించబోతుంటే, పార్టీ తాలూకా అధ్యక్షుడు ఓబలప్ప పరుగెత్తుకొచ్చి మెడలో పూలదండ వేశాడు.

"యాడికి పోతావప్పా? మన ఆసుపత్రికి నువ్వే మొదటి పేషెంటు! ఫ్లెక్సీ కూడా వేయించేస్తాను."

"వెల్డింగ్ చేసే చెయ్యన్నా ఇది. ఇది పోతే ఇంగ నా బతుకేమి?"

"రెండు దినాలే గదప్పా. కట్టు మాత్రం కట్టించుకోవద్దు. మంత్రిగారే కట్టల్ల, ఫోటో ఉండాది."

నెల్సన్‌కు నొప్పిలోనూ గర్వమేసింది. తాతా, నాన్నా గనిలో ఎన్ని ఎముకలు విరగ్గొట్టుకున్నా ఒక్కదానికీ ఫ్లెక్సీ పడలేదు. ఇతని ఫ్లెక్సీలో మంత్రిగారి పక్కన చెయ్యి ఒక్కటే వేశారు. ముఖానికి చోటు చాలలేదు.

శుక్రవారం మంత్రిగారు ఢిల్లీ వెళ్లారు. మరుసటి శుక్రవారం అమావాస్య. ఆ తర్వాతి శుక్రవారం రిబ్బను రంగు దగ్గర రెండు వర్గాలు కొట్టుకుని నలుగురి ఎముకలు విరిగాయి. వాళ్లకు రెండో నంబరు నుంచి టోకెన్లిచ్చారు.

ఆలిస్ పాత చీరతో మొగుడి చెయ్యి మెడకు వేలాడగట్టి, ఆసుపత్రి గేటు బయట కుర్చీ వేసుకుని కూర్చున్న డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

"ఒక్కసారి చూడండి సార్. రాత్రంతా ఏడుస్తా ఉండాడు."

"ప్రారంభోత్సవానికి ముందే చూస్తే ఈయన మొదటి పేషెంటు ఎట్లవుతాడమ్మా?" అన్నాడు నియమం తప్పని డాక్టరు.

ఏడో శుక్రవారం మంత్రిగారు వచ్చారు. బ్యాండు మోగింది, రిబ్బను తెగింది. డాక్టరు ఎక్స్‌రే తీసి నీళ్లు నమిలాడు.

"ఎముక అతుక్కుపోయింది సార్. వంకరగా."

మంత్రిగారు మైకందుకున్నారు. "చూశారా! తెరవక ముందే నయం చేసిన ఆసుపత్రి దేశంలో ఇంకెక్కడైనా ఉందా?"

టోకెన్ల వాళ్లు ఈలలు వేశారు. ఆ ఉత్సాహంలో మంత్రిగారు నెల్సన్‌కు కొత్త వెల్డింగ్ మెషీను బహూకరించారు. నెల్సన్ దాని పిడి పట్టుకోబోయాడు. వేళ్లు ముడుచుకోలేదు. మళ్లీ ప్రయత్నించాడు. భయంతో ఆలిస్ వైపు చూశాడు.

"అట్లే ఉండప్పా, కదలద్దు!" అని ఓబలప్ప కెమెరాకు అడ్డం తొలగాడు. "టాటా చెప్పినట్టే ఉండాది."